గట్టికఱ్ఱ పలకలు వంగకుండ ఆఱబెట్టు విధము

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల పల్లెలలో పొలము గట్లమీదను, వాగుల యొడ్డునను, చెఱువు శిఖములందును నల్లతుమ్మ, వేప, చింత, తెల్లమద్ది మొదలగు చెట్లు కలవు. వీనిలో ముదిరిన చెట్టొకటి గాలికి పడిపోయినప్పుడు గాని, అవసరమునకు కొట్టవలసి వచ్చినప్పుడు గాని రైతు సాధారణముగా చేయు పని యొక్కటే. వంటచెఱకు వ్యాపారిని పిలిచి, అతడు చెప్పిన ధరకు చెట్టును ఒప్పగించును. “ఇది తుమ్మ, పలకలు కోసితిమా, దొప్పలవలె వంగిపోవును, తలుపునకు పనికిరాదు” అని వ్యాపారి చెప్పును. రైతును తలయూపును. తరువాత ఇంటికి తలుపు కావలసివచ్చిన దినమున అదే రైతు పట్టణమునకు పోయి, ఎక్కడనో కోసిన చెక్కను అనేక రెట్లు ధర పోసి తెచ్చుకొనును.

వ్యాపారి మాటలో సగము నిజమున్నది. తుమ్మ పలక వంగును. చింతపలక నెఱియలు పాఱును. అయితే అది కఱ్ఱ దోషమనుకొనుట సరికాదు. అది చాలవఱకు ఆఱబెట్టుటలోని దోషము. బండ్లు విరివిగా నడచిన దినములలో చక్రపు ఆకులకును, ఇరుసులకును, నాగళ్లకును మనవారు తుమ్మనే కోరెడివారు. దాని చేవ గట్టిది, దెబ్బకు ఓర్చునది. ట్రాక్టర్లు వచ్చిన పిదప ఆ పనులు తగ్గి, చెట్టు పొయ్యిపాలును బొగ్గుబట్టీపాలును అగుచున్నది. పలకను తిన్నగా నిలుపుకొను నేర్పు మనకున్నచో దానికి వేఱు ఉపయోగము లేకపోలేదు. ఆ నేర్పును గూర్చియే ఈ పాఠము.

మొదట పలక ఏల వంగునో తెలిసికొనవలెను. పచ్చి కఱ్ఱలో నీరు రెండు విధములుగా ఉండును. కొంత నీరు కఱ్ఱలోని సన్నని గొట్టములందు, కుండలో నీరువలె నిలిచియుండును. తక్కినది ఆ గొట్టముల గోడలలోనే, తడిగుడ్డలో తేమవలె ఇంకియుండును. ఆఱునప్పుడు గొట్టములలోని నీరే ముందు పోవును. అది పోవుచున్నంతకాలము పలక బరువు తగ్గును గాని కొలత తగ్గదు. పూర్తిగా ఎండిన కఱ్ఱ బరువు 100 పాళ్లనుకొన్నచో, నీరు సుమారు 30 పాళ్లకు దిగినప్పుడు గొట్టములు ఖాళీ యగును. అక్కడనుండి గోడలలోని తేమ పోనారంభించును. కఱ్ఱ ముడుచుకొనుటయు అప్పుడే మొదలగును. మొదటి వారములలో పలక తిన్నగా ఉండుట చూచి, “ఇది వంగు జాతి కాదు” అని పైబరువులు తీసివేయువారు మోసపోవుటకు కారణమిదియే.

ఈ ముడుచుకొనుట అన్ని దిక్కులను ఒక్క తీరుగా జరిగినయెడల పలక చిన్నదగును గాని వంగదు. కాని కఱ్ఱ స్వభావము అట్టిది కాదు. పొడవున వేయింటికి ఒకటి రెండు పాళ్లు మాత్రమే తఱుగును. మాను నడిబొడ్డునుండి బెరడువైపునకు పోవు దిక్కున నూటికి సుమారు 3 మొదలు 6 పాళ్లు తఱుగును. వలయముల వెంబడి, అనగా మాను చుట్టుకొలత దిక్కున, దానికి ఇంచుమించు రెట్టింపు తఱుగును. మాను ప్రక్కభాగమునుండి కోసిన 12 అంగుళముల వెడల్పు పలక ఆఱునప్పటికి అంగుళము మేఱకు తఱిగిపోవుట వింత కాదు. అట్టి పలకకు బెరడువైపు ముఖము, చేవవైపు ముఖముకంటె ఎక్కువగా ముడుచుకొనును. అందుచేత అంచులు బెరడువైపునకు లేచి దొప్పయగును. నడిబొడ్డును ఆనుకొని కోసిన పలక ఇంతగా దొప్పపోదు. అయితే నడిబొడ్డు పలకలోనే చిక్కుకొన్నచో నడుమ చీలిక తప్పదు.

మెలితిరుగుట వేఱు జబ్బు. కొన్ని చెట్ల నార త్రాటి పేనికవలె మానును చుట్టుకొని పోవును. నిలిచియున్న చెట్టు బెరడును చూచియే దీనిని కనిపెట్టవచ్చును. బెరడుమీది నెఱియలు నిలువుగా ఉన్నచో నార తిన్ననిది. ఏటవాలుగా చుట్టుచు పోయినచో మెలికనార. మెలికనార మానునుండి 7 అడుగుల తలుపు పలకలు కోయుట వృథా శ్రమ. దానిని మూడు నాలుగు అడుగుల ముక్కలుగా కోసి, పీటలకు, కిటికీ రెక్కలకు, పెట్టెలకు వాడుకొనవలెను. ఎంత బరువు పెట్టినను మెలికనారను పూర్తిగా లొంగదీయజాలము.

మూడవ కారణము ఆఱు వేగము. దీనిని వరి పండించు రైతుకు వేఱుగా చెప్పనక్కఱలేదు. యాసంగి ధాన్యము వేసవి మంటలో ఆఱినప్పుడు గింజ పైపొర ముందు ఎండి, లోపలి భాగము తేమగా ఉండుటచేత గింజలో సన్నని పగుళ్లు ఏర్పడును. మరలో పడగానే బియ్యము నూకయగును. మిర్యాలగూడ మిల్లులలో యాసంగి ధాన్యమును ఎక్కువగా ఉప్పుడు బియ్యముగా పట్టుటకు ముఖ్యకారణము ఈ నూకయే. పలక విషయమునను జరుగునది ఇదియే. పైచెక్క ఎండి ముడుచుకొన జూచును. లోపలి చెక్క ఇంకను తడిసి, ఉబ్బి, దానిని ముడుచుకొననీయదు. ఈ పెనుగులాటలో పైచెక్క పగులును. ఒక ముఖమున ఎండయు, రెండవ ముఖమున నీడయు ఉన్నచో ఎండతగిలిన ముఖము ముందు ముడుచుకొని పలక విల్లగును. కుమ్మరి పచ్చికుండను నీడలో ఆఱబెట్టిన పిదపనే గదా ఆవమునకు ఎక్కించును!

కావున మన పని యేమనగా, పలక రెండు ముఖములును సమానముగా ఆఱునట్లును, మొదట మెల్లగా ఆఱునట్లును, ఆఱుచున్నంతకాలము తిన్నగా అణగియుండునట్లును చూచుట.

మన ప్రాంతపు గాలి ఈ పనికి కొంత అనుకూలము, కొంత శత్రువు. చైత్ర వైశాఖములలో మధ్యాహ్నపు గాలిలో తేమ నూటికి 30 పాళ్లకును దిగువకు పడును. అట్టి గాలిలో చాలకాలముంచిన కఱ్ఱ నూటికి 6 పాళ్ల తేమవఱకు ఎండును. వానకాలములో గాలి తేమ 80 పాళ్లకు ఎక్కినప్పుడు అదే కఱ్ఱ తేమను మరల పీల్చుకొని 16 పాళ్లకు చేరును. 1967లో నాగార్జునసాగర్ ఎడమకాలువకు నీరు విడిచిన పిదప మిర్యాలగూడ, కోదాడ వైపు అనేక గ్రామములు వరిచేల నడుమ ఉన్నవి. నీరు నిలిచిన పొలముల ప్రక్కన పేర్చిన దొంతి, సూర్యాపేట మెట్టచెలకలలోని దొంతికంటె ఆలస్యముగా ఆఱును. ఇంకొకరి ఊరిలో ఇన్ని నెలలు పట్టినవని మన ఊరిలో లెక్కపెట్టుట అందుచేత పొరపాటు.

చెట్టును కొట్టుటకు కార్తీక మార్గశిరములు మంచివి. అప్పుడు వానలు వెనుకబట్టును, వడగాలికి మూడు నాలుగు నెలల గడువుండును. ఆ గడువులో కఱ్ఱ మొదటి నీరు నెమ్మదిగా విడుచును. ఫాల్గునములో కొట్టినవానికి ఆ గడువు లేదు. కొట్టుటకు ముందు 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము ప్రకారము కావలసిన అనుమతిని పొందవలెనని సభ్యులు మఱువరాదు. పట్టాభూమిలోని చెట్టైనను ఆ నిబంధన ఉన్నది. శిఖములోని చెట్టు మన సొత్తు కాదు. దాని సంగతి విచారించకుండ గొడ్డలి వేయరాదు.

మాను పడిన దినముననే రెండు కొనలకును పూత పూయవలెను. కఱ్ఱలోని గొట్టములు కొనలవద్ద తెఱచియుండుటచేత నీరు ప్రక్కలకంటె కొనలగుండ అనేక రెట్లు వేగముగా పోవును. కొనలలో మొదలైన చీలిక అడుగు, రెండడుగులు లోనికి పాఱును. తారు, కరగించిన మైనము, మిగిలిపోయిన చిక్కని రంగు, ఏదైనను సరియే. ఏదియు దొరకనిచో పేడయు, బంకమన్నును కలిపి దట్టముగా మెత్తవలెను. అది రాలినప్పుడెల్ల మరల మెత్తవలసియుండును గాని లేనిదానికంటె ఎంతయో మేలు. ఈ పూత విషయములో మాత్రము “రేపు చూతము” అనువాడు మఱునాటికి నెఱియను చూచును.

తుమ్మ మానులను కొన్ని మాసములు చెఱువు నీటిలో నానవేయు ఆచారము మన పల్లెలలో పాతది. నానవేసినందున కఱ్ఱ ఆఱదు. బయటికి తీసిన పిదప ఆఱుటకు అదే కాలము పట్టును. కాని తెల్లచెక్కలో పురుగునకు ఆహారమగు పదార్థములు కొంత నీటిలో కరగిపోవుటచేత పురుగు తగ్గును. ఆ మేరకు ఆచారము మంచిదే. నీటివసతి లేనివారు కోసిన వెంటనే పలకలకు బోరాక్సు, బోరిక్ ఆమ్లము కలిపిన నీటిని రెండు ముఖములను పూయవచ్చును. అట్టి పలకలను ధాన్యపు పెట్టెలకును, పిండి పిసుకు పీటలకును వాడరాదు. బర్మా టేకు అడవులలో చెట్టు మొదట చుట్టును తెల్లచెక్కవఱకు గాటువేసి, నిలిచియుండగనే చంపి, రెండు మూడేండ్లు విడిచి కొట్టెడివారు. నదిలో దుంగ తేలవలెనని వారి ఉద్దేశము. మన తుమ్మకు ఆ పద్ధతి తగదు. నిలిచి చచ్చిన తుమ్మను పురుగు ముందుగా ఆక్రమించును.

కోతమిల్లునకు పోయినప్పుడు రైతు దగ్గఱ నిలుచుండి కోయించుకొనుట మంచిది. నడిబొడ్డు ఏ పలకలోను చిక్కకుండ, దానికి ఇరువైపుల గీత గీయించి, ఆ నడిమి పట్టెను వేఱు చేయించవలెను. అది కాడికో గుంజకో పనికివచ్చును. పలక చిత్రిక పట్టిన పిదప అంగుళమున్నర మందము కావలసినచో రెండంగుళములు కోయించవలెను. అన్ని పలకలును ఒకే మందముగా ఉండుట అవసరము. ఒకటి మందముగాను, ఒకటి పలుచగాను ఉన్నచో దొంతిలో పలుచని దానిపై బరువు పడదు. అది తన ఇచ్చవచ్చినట్లు వంగును.

ఇక దొంతి పేర్చుట. ఈ పనిలో సగము ఫలితము దీనియందే ఉన్నది. ఎండయు, వానయు పడని పాకయో, పశువులకొట్టపు ఒక ప్రక్కయో చూచుకొనవలెను. గాలి ఆడవలెను గాని వడగాలి నేరుగా కొట్టరాదు. నేలమీద అడుగున్నర ఎత్తున రాళ్లు నిలిపి, వానిపై అడ్డుగా గట్టి దూలములు పెట్టవలెను. దూలముల తలములన్నియు ఒకే మట్టమున ఉన్నవా లేవా యని దారము లాగి చూడవలెను. ఈ దారపు పనిని చాలమంది అనవసరపు చాదస్తమనుకొందురు. అడుగు దూలము అరంగుళము క్రుంగినచో పైనున్న పలకలన్నియు ఆ అరంగుళపు వంపుతోనే ఎండి బిగిసికొనును. తరువాత ఏ చిత్రికయు దానిని పోగొట్టలేదు, మందమంతయు పొట్టుగా మారిననే తప్ప.

పలకకు పలకకు నడుమ ఎండిన కఱ్ఱతో చేసిన అడ్డుబద్దలు పెట్టవలెను. అంగుళము మందము, అంగుళమున్నర వెడల్పు చాలును. అన్నియు ఒకే మందముగా చిత్రిక పట్టియుండవలెను. పచ్చిబద్దలు పెట్టినచో పలకమీద మచ్చయు, బూజును పట్టును. బద్దకు బద్దకు దూరము రెండడుగులకు మించరాదు. తుమ్మ, చింతవంటి వానికి అడుగున్నరయే మేలు. మొదటి బద్ద పలక కొనతో సమముగా ఉండవలెను. అన్నిటికంటె ముఖ్యమైనది, క్రింది వరుస బద్దమీదనే పైవరుస బద్ద నిలువుగా పడవలెను. అప్పుడు పైబరువు బద్దలగుండ స్తంభమువలె నేరుగా దూలమునకు దిగును. బద్దలు అటునిటు జరిగినచో ఆ బరువే పలకలను వంచును.

దొంతిపైన నాపరాతి బండలు పేర్చవలెను. చదరపు అడుగునకు 25 కిలోలకు తగ్గరాదు. కొందఱు దొంతిని త్రాళ్లతో బిగించి, బరువు పెట్టకుందురు. అది నిలువదు. పలకలు ముడుచుకొన్నకొలది దొంతి దిగును, త్రాడు వదులగును. బిగింపు కావలసిన సమయమునకే బిగింపుండదు. రాయి మాత్రము దొంతితోపాటు తానును దిగి, నొక్కుచునే యుండును.

ఫాల్గునము వచ్చినంతనే గాలి వచ్చు వైపున గోనెసంచులు కుట్టి తెరవలె వ్రేలాడదీయవలెను. పలక పైముఖమున సన్నని నెఱియలు కనబడినచో ఆఱుట వేగమైనదని గుర్తు. సంచులను నీటితో తడిపి వేగమును తగ్గించవలెను. బూజు కనబడినచో ఆఱుట మందగించినదని గుర్తు. తెరలెత్తి గాలి ఆడనీయవలెను. దొంతి చుట్టు ప్లాస్టిక్ పట్టాను బిగించి కట్టుట ఏ కాలమునందును కూడదు.

కోదాడ వైపు ఒక గ్రామములో మేము చూచిన సంగతి ఇక్కడ చెప్పదగియున్నది. ఒకే తుమ్మ మానునుండి కోసిన పలకలను అన్నదమ్ములిద్దఱు సగము సగము పంచుకొనిరి. పెద్దవాడు తన వంతు పలకలను తొందరగా ఎండునని దక్షిణపు గోడకు చేరవేసెను. చిన్నవానికి అప్పుడు తీరిక లేక, తన పలకలను కొట్టములో బద్దలపై పేర్చి, ఇంటికి తెచ్చిన బండలను స్థలము లేమిచేత వానిపైననే పెట్టెను. వేసవి గడచునప్పటికి గోడకు చేరవేసిన పలకలు ఒక్కొక్కటి ఒక్కొక్క దిక్కునకు వంగి, నాలుగు వంటచెఱకుగా పోయినవి. బండలక్రింది పలకలు తలుపైనవి. చిన్నవాడు చేసిన దానిలో తెలివికంటె స్థలాభావమే ఎక్కువ. కాని కఱ్ఱకు మన ఉద్దేశముతో పనిలేదు.

పలక ఆఱినదో లేదో తెలియుట ఎట్లు? అంగుళమునకు ఏడాది యను పాత లెక్క మన పొడిగాలికి సరిగా కుదురదు. ఇక్కడ అంతకంటె ముందే ఆఱుట కలదు. దేహరాదూనులో 1906లో స్థాపింపబడిన అటవీ పరిశోధనాలయమువారు కఱ్ఱలను ఆఱుటలో మొండివి, నడితరమువి, సులభమైనవి అని మూడు తరగతులుగా విభజించిరి. సాలము, నల్లమద్ది మొండివి, టేకు నడితరమైనది, బూరుగు సులభమైనది. కొండపల్లి బొమ్మలవారు వాడు తెల్లపొణికియు మెత్తని తేలికచెక్కయే గనుక త్వరగా ఆఱును. జాతినిబట్టి కాలము మాఱునని దీనివలన తెలియుచున్నది. నమ్మదగినది త్రాసు ఒక్కటే.

పేర్చునప్పుడే ఒక పలకనుండి, కొననుండి రెండడుగులు విడిచి, రెండడుగుల ముక్క ఒకటి కోయవలెను. దాని ప్రక్కనుండి అంగుళపు సన్నముక్క ఇంకొకటి తీయవలెను. సన్నముక్కను వెంటనే తూచి, పొయ్యిమీద పెనముపై మాడకుండ బరువు తగ్గుట మానువఱకు ఎండబెట్టి, మరల తూచవలెను. మొదట 200 గ్రాములు, పిదప 140 గ్రాములు తూగినదనుకొందము. పోయిన నీరు 60. దానిని 140తో భాగించి నూఱింట చూచిన 43 పాళ్లు వచ్చును. పెద్దముక్క అప్పుడు 7 కిలోలున్నచో, 7ను 1.43తో భాగించగా దాని ఎండుబరువు 4.9 కిలోలని తేలును. పెద్దముక్క కొనలకు పూతపూసి, దొంతిలోనే తీయుటకు వీలుగా ఉంచి, పదునైదు దినములకొకసారి తూచుచుండవలెను. అది సుమారు 5½ కిలోలకు దిగినప్పుడు పలకలలో తేమ 12 పాళ్లని గ్రహించవచ్చును. మన ఇండ్లలోని తలుపులకును, బల్లలకును ఆ తేమ తగినది. కిరాణా దుకాణపు త్రాసు ఈ పనికి చాలును.

చెలకలను ఆక్రమించు సర్కారు తుమ్మను గూర్చి ఒక మాట. దానిని తిట్టని రైతు లేడు. పొలమును చెఱచు విషయములో ఆ తిట్టు న్యాయమే. కాని దాని జాతికి చెందిన మెస్కీటు కఱ్ఱతో అమెరికాలోని టెక్సాస్ వారు బల్లలు, నేలపలకలు చేయుచున్నారు. ఆఱునప్పుడు అది తఱుగుట చాల తక్కువ. రెండు దిక్కులను తఱుగుటలో భేదమును తక్కువ. మన గట్లమీది సర్కారు తుమ్మ పొదలలో లావైన తిన్నని మాను అరుదు. దొరికినచో పొయ్యిలో పెట్టుటకు ముందు ఒకటి రెండు చిన్న పలకలు కోసి చూచుట తప్పుకాదు.

ఒక్కొక్క రైతు ఒక్కొక్క పాక, త్రాసు, బద్దలు సమకూర్చుకొనుట కష్టము. నాలుగైదు కుటుంబములు కలిసి ఒకే దొంతి పేర్చుకొన్నచో బరువునకు బరువును, కాపునకు కాపును కలిసివచ్చును. ఎవరి పలకలపై వారి గుర్తు తారుతో వేయవలెను. మందము మాత్రము ముందే మాట్లాడుకొని అందఱును ఒకటే కోయించుకొనవలెను.

ఆఱిన పలకను పనిలో పెట్టునప్పుడు వడ్రంగికి చెప్పవలసినది రెండు మాటలు. పలకలను ఇంటిలో ఒక నెల ఉంచిన పిదపనే చిత్రిక పట్టవలెను. పట్టునప్పుడు రెండు ముఖములనుండియు సమానముగా తీయవలెను. తలుపు నడిమి పలకను చట్రపు గాడిలో వదులుగా కూర్చవలెనే గాని మేకులతోను, బంకతోను బిగించరాదు. శ్రావణములో అది ఉబ్బును, వైశాఖమున ముడుచుకొనును. దానికి కదలుటకు చోటుండవలెను. చోటు లేనిచో అది చట్రమునైనను చీల్చును, తానైనను చీలును. అవిసెనూనె పూయువారు వీధివైపు ముఖమునకు మాత్రమే పూసి, లోపలి ముఖమును విడుతురు. అట్లైన తేమ ఒక ముఖముననే రాకపోకలు చేసి, ఇన్నాళ్లు తిన్నగా నిలిపిన పలక మరల వంగనారంభించును. నూనెను రెండు ముఖములకును, తలుపు పైయంచునకును, అడుగంచునకును పూయవలెను. అడుగంచునకు ద్వారబంధమున బిగించుటకు ముందే పూయవలెను. బిగించిన పిదప అక్కడికి చేయి పోదు.